574 అమైనో ఆమ్లాల్లో ఒకటి మారితే కణమంతా ఎందుకు వంగుతుంది? "ఏఎస్" అని రిపోర్టు వస్తే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు పాడేరు దగ్గరి ఊరి నుంచి వచ్చి బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నారు. ఊళ్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) పరీక్షల క్యాంపు పెట్టినప్పుడు మీ చెల్లెలికి పరీక్ష చేసి "ఏఎస్" అని రాసిచ్చారు. సంబంధాలు చూస్తున్న సమయం కావడంతో ఇంట్లో అందరికీ టెన్షన్. మీరు అడిగినవి రెండు. హిమోగ్లోబిన్‌లోని 574 అమైనో ఆమ్లాల్లో ఒకటి మారినంత మాత్రాన కణం ఆకారమే ఎలా మారిపోతుంది? మీ చెల్లి రక్తకణాలు కూడా కొడవలిలా వంగిపోతాయా?

ముందు మీ ఇంట్లో వాళ్లకు చెప్పాల్సిన మాట. ఆ రిపోర్టు సరైనదైతే మీ చెల్లెలికి జబ్బు లేదు. ఏఎస్ అంటే ఒక జన్యువు మామూలుది (ఏ), ఒకటి సికిల్‌ది (ఎస్). అంటే ఆమె వాహకురాలు, మనం మామూలుగా క్యారియర్ అంటాం. మందులు అక్కర్లేదు, ఐరన్ మాత్రలతో దీనికి సంబంధం లేదు, పెళ్లి ఆపుకోవాల్సిన పనీ లేదు. చేసుకోబోయే అబ్బాయికి సరైన పరీక్ష చేయించడం మాత్రం తప్పనిసరి. ఆ "సరైన" అన్న మాట ఎందుకు అంటున్నానో కింద చెబుతాను.

ఇక మీ మొదటి ప్రశ్న. ఎన్ని అమైనో ఆమ్లాలు మారాయి అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. మారినది ప్రొటీన్‌లో ఎక్కడుంది, ఆ ప్రొటీన్ కణంలో ఎంత ఇరుగ్గా ఉంది, ఆక్సిజన్ లేకుండా ఎంతసేపు ఉంది, ఈ మూడే అంతా నిర్ణయిస్తాయి. మీ చెల్లి కణాలు ఎందుకు వంగవో కూడా ఈ మూడింటిలోనే ఉంది.

నేను పాథాలజీ డాక్టర్ని. ప్రభుత్వ బోధనాసుపత్రి హెమటాలజీ ల్యాబ్‌లో ఏజెన్సీ ప్రాంతాల శాంపిళ్లు ఏళ్ల తరబడి చూస్తున్నాను. అందుకే పాఠ్యపుస్తకం వరసలో కాకుండా నాకు తెలిసిన వరసలో రాస్తాను.

ముందు కణం సంగతి

ఎర్ర రక్తకణం మన ఒంట్లో అన్నిటికన్నా విచిత్రమైన కణం. ఎముక మూలుగలో తయారయ్యేటప్పుడు దానికి కేంద్రకం ఉంటుంది. రక్తంలోకి వచ్చే ముందు దాన్ని బయటికి నెట్టేస్తుంది. మైటోకాండ్రియా, రైబోజోములు కూడా ఆ తర్వాత పోతాయి. అంటే పూర్తిగా ఎదిగిన ఎర్ర కణం కొత్త ప్రొటీన్ ఒక్కటి కూడా తయారు చేసుకోలేదు. పాడైనదాన్ని మార్చుకోలేదు. పుట్టినప్పుడు నింపుకున్న సరుకుతోనే సుమారు 120 రోజులు బతకాలి.

ఆ సరుకు దాదాపు అంతా హిమోగ్లోబినే. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల అణువులు. మీ సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) రిపోర్టులో ఎంసీహెచ్‌సీ అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా 33 చుట్టూ. దాని అర్థం కణం లోపల డెసిలీటరుకు 33 గ్రాముల హిమోగ్లోబిన్ ఉందని. హిమోగ్లోబిన్ అణువు అడ్డం కొలత సుమారు 6 నానోమీటర్లు. పక్కపక్క అణువుల మధ్య మిగిలే ఖాళీ ఒక్క నానోమీటరు దాకా. రథోత్సవం నాడు సన్న వీధిలో జనం ఎలా కదులుతారో ఈ అణువులు కణంలో అలా కదులుతాయి. ఒకరికొకరు తగలకుండా నడవడం కుదరదు.

ఇంత ఇరుకులో కూడా మామూలు హిమోగ్లోబిన్ గడ్డకట్టదు, ద్రవంలాగే ఉంటుంది. నాకైతే వింతల్లోకెల్లా వింత ఇదే. కణం ద్రవంతో నిండిన మెత్తటి సంచిలా ఉండబట్టే, దాని త్వచం కింద స్పెక్ట్రిన్ అనే ప్రొటీన్ వల సాగుతూ ముడుచుకుంటూ ఉండబట్టే, 7, 8 మైక్రాన్ల కణం తనకన్నా సన్నని కేశనాళికల్లోంచి వంగి దూరిపోతుంది. ప్లీహంలో ఒకటి రెండు మైక్రాన్ల చీలికల్లోంచి కూడా దూరి బయటపడుతుంది. ద్రవం గట్టిపడితే ఈ పనులేవీ జరగవు.

ఇక ప్రొటీన్

హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు: 141 అమైనో ఆమ్లాల ఆల్ఫా గొలుసులు రెండు, 146 అమైనో ఆమ్లాల బీటా గొలుసులు రెండు. మీరు చదివిన 574 ఇలా వచ్చిందే. ఒక్కో గొలుసులో ఒక హీమ్, దాని నడుమ ఇనుము, ఆ ఇనుముకు ఒక ఆక్సిజన్ అణువు. మొత్తం నాలుగు. ఈ నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో కేంబ్రిడ్జిలో మాక్స్ పెరుట్జ్ తేల్చాడు. ఆయనకు, మయోగ్లోబిన్ మీద పనిచేసిన జాన్ కెండ్రూకు కలిపి 1962లో నోబెల్ ఇచ్చారు.

గొలుసు ముడుచుకునే పద్ధతిలో ఒక సూత్రం ఉంది. నూనె స్వభావం ఉన్న అమైనో ఆమ్లాలు, అంటే నీటిని ఇష్టపడని వాలీన్, ల్యూసీన్, ఫీనైల్అలనీన్ లాంటివి, లోపలికి చేరతాయి. విద్యుదావేశం ఉన్నవి, నీటితో కలిసేవి, పైకి ఉంటాయి. పైన ఉన్న ఈ ఆవేశాల వల్లే అణువులు ఒకదానికొకటి అంటుకోకుండా నీటిలో తేలుతూ ఉంటాయి.

బీటా గొలుసులో 6వ స్థానం సరిగ్గా ఈ పైభాగంలో ఉంది. మామూలుగా అక్కడ ఉండేది గ్లుటామిక్ ఆమ్లం, రుణావేశం ఉన్నది. 11వ క్రోమోజోమ్ మీది బీటా జన్యువులో జీఏజీ అన్న సంకేతం జీటీజీ అయితే అక్కడికి వాలీన్ వచ్చి కూర్చుంటుంది. నీటిని ఇష్టపడేదాని చోటికి నూనె లాంటిది వచ్చిందన్నమాట. అదీ లోపల కాదు, బయట. ఒక అణువులో బీటా గొలుసులు రెండు కాబట్టి ఇలాంటి మచ్చలు రెండు. ఎస్‌ఎస్, అంటే రెండు బీటా జన్యువులూ మారినవే అయి జబ్బు ఉన్న వ్యక్తి కణంలో 27 కోట్ల అణువులకు లెక్కేయండి, 50 కోట్లు దాటుతాయి. ఒక్క మార్పు అని మనం అనుకునేది కణం లెక్కలో ఒక్కటి కాదు.

(కొత్త రిపోర్టుల్లో మీకు 7వ స్థానం అని కనిపిస్తే కంగారు పడకండి. మొదట వచ్చే మెథియోనీన్‌ను కూడా లెక్కపెడితే 7, లేకపోతే 6. రెండూ ఒకటే.)

విద్యార్థులు తరచూ రాసే తప్పు ఒకటి చెప్పాలి. "సికిల్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేదు" అని రాస్తారు. అది నిజం కాదు. ఊపిరితిత్తుల్లో అది చక్కగా ఆక్సిజన్ పట్టుకుంటుంది. హీమ్ ఉన్న గది చెక్కుచెదరలేదు. ఇబ్బంది ఆక్సిజన్‌ను వదిలాక మొదలవుతుంది. ఆక్సిజన్ వదిలినప్పుడు నాలుగు గొలుసులు కాస్త తిరిగి అణువు ఆకారం మారుతుంది. అప్పుడు బీటా గొలుసు పైభాగంలో 85వ ఫీనైల్అలనీన్, 88వ ల్యూసీన్ మధ్య ఒక చిన్న గుంట తెరుచుకుంటుంది. అదీ నూనె స్వభావం ఉన్నదే. పక్క అణువు మీద ఉన్న వాలీన్ ఆ గుంటలో సరిగ్గా ఇమిడిపోతుంది. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన మరోటి. ఇలా పేరుకుని 14 వరసల పోగు తయారవుతుంది. పోగులు పెరిగి కణత్వచాన్ని లోపలి నుంచి నెడతాయి. మనం చూసే కొడవలి ఆకారం ఆ నెట్టుడే.

మామూలు హిమోగ్లోబిన్‌లో కూడా ఆ గుంట తెరుచుకుంటుంది, గమనించండి. కానీ అందులో ఇమిడే వాలీన్ పక్క అణువు మీద లేదు. గ్లుటామిక్ ఆమ్లం అందులోకి పోదు.

స్థానమే ముఖ్యం అనడానికి ఇంకో ఆధారం. హిమోగ్లోబిన్‌లో వెయ్యికి పైగా రకాల మార్పులు ఇప్పటికి తెలుసు. చాలావాటితో మనిషికి ఏమీ కాదు, వేరే పరీక్షలో అనుకోకుండా బయటపడతాయి. ఇంకా చిత్రం, అదే 6వ స్థానంలో వాలీన్ బదులు లైసీన్ వస్తే అది హిమోగ్లోబిన్ సి. రెండు జన్యువులూ అదే అయినా జబ్బు చాలా తేలికగా ఉంటుంది. లైసీన్‌కు ధనావేశం ఉంది, నూనె స్వభావం లేదు, ఆ గుంటలో ఇమడదు. చోటు అదే అయినా వచ్చి చేరినది వేరు కాబట్టి ఫలితమూ వేరు.

స్లైడు మీద ఏం కనిపిస్తుంది

మీ కాలేజీ ల్యాబ్‌లో అవకాశం ఉంటే, మీ అధ్యాపకుల పర్యవేక్షణలో ఇది ఒకసారి చూడండి. స్లైడు మీద ఒక చుక్క రక్తం, దానికి అప్పటికప్పుడు కలిపిన 2 శాతం సోడియం మెటాబైసల్ఫైట్. పైన కవర్‌స్లిప్ వేసి, గాలి దూరకుండా అంచులకు వ్యాజలిన్ పూస్తాం. ఆ మందు ఆక్సిజన్‌ను లాగేస్తుంది. మొదట కణాలన్నీ గుండ్రంగా, మధ్యలో పాలిపోయి, ఎప్పట్లానే ఉంటాయి. కాసేపటికి ఒకటీ అరా కణాల అంచు గరుకుగా మారుతుంది. తర్వాత ఒక కొస సాగుతుంది, ఇంకో కొస సాగుతుంది, మధ్యలో పాలిపోయిన భాగం మాయమై కణమంతా ఒకే ముదురు రంగుకు వస్తుంది. ముళ్లున్న ఆకుల్లా కొన్ని, పడవల్లా కొన్ని. అరగంటలో చూసిన చోటల్లా అవే. మందు పాతదైతే ఏమీ జరగదు, అందుకే పక్కన పాజిటివ్ అని తెలిసిన రక్తంతో ఇంకో స్లైడు తప్పకుండా పెడతాం.

ఇక్కడ మీకు అసలు విషయం. ఈ స్లైడు మీద మీ చెల్లి రక్తం వేసినా కణాలు వంగుతాయి. ఏఎస్ రక్తం కూడా ఈ పరీక్షలో పాజిటివే. అదే ఆమె వేలి నుంచి తీసిన రక్తంతో మామూలు స్మియర్ (స్లైడు మీద పలచగా పరిచిన రక్తం) చేసి రంగు వేసి చూస్తే అన్నీ చక్కటి గుండ్రటి కణాలే ఉంటాయి. ఒకే రక్తం, రెండు స్లైడ్లు, రెండు రకాల జవాబులు.

ఎందుకంటే స్లైడు మీద ఆక్సిజన్ మొత్తం లాగేశాం, కావలసినంత సమయం ఇచ్చాం. ఒంట్లో ఈ రెండూ జరగవు.

సమయం, గాఢత

పోగు తయారవడం వెంటనే మొదలవదు. ముందు కొన్ని అణువులు కూడి ఒక చిన్న గుంపు కావాలి. అది నిలదొక్కుకునే వరకు కడుతూ విడిపోతూ ఉంటుంది. నిలదొక్కుకున్నాక మాత్రం పోగు చకచకా పెరుగుతుంది. ఆక్సిజన్ వదిలిన క్షణం నుంచి పోగులు పెరగడం మొదలయ్యే దాకా పట్టే ఈ ఆలస్యాన్ని 1970లలో విలియం ఈటన్, జేమ్స్ హాఫ్రిక్టర్ బృందం అమెరికాలో కొలిచింది. గాఢత మీద అది ఎంత తీవ్రంగా ఆధారపడుతుందో చూసి ఎవరైనా ఆశ్చర్యపోతారు. గాఢత పది శాతం తగ్గితే ఆలస్యం పది శాతం పెరగడం కాదు, పది ఇరవై రెట్లు పెరుగుతుంది.

ఎర్ర కణం కేశనాళికలో ఉండేది సుమారు ఒక సెకను. ఆ తర్వాత సిరల్లో పడి కొద్ది సెకన్లలో ఊపిరితిత్తులకు చేరి మళ్లీ ఆక్సిజన్ ఎక్కించుకుంటుంది. ఆ గుంట మూసుకుపోతుంది. కాబట్టి ఆలస్యం ఈ ప్రయాణం కన్నా ఎక్కువైతే కణం వంగే లోపే బయటపడుతుంది. తక్కువైతే దారిలోనే వంగి ఇరుక్కుంటుంది. ఎస్‌ఎస్ ఉన్నవాళ్లలో కూడా ప్రతి కణం ప్రతిసారీ వంగదు, చాలాసార్లు తప్పించుకుంటుంది. లేకపోతే వాళ్లు బతికేవాళ్లే కాదు.

ఇది అర్థమైతే డాక్టర్లు చెప్పే జాగ్రత్తలన్నీ బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు. నీళ్లు బాగా తాగమంటారు, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గితే కణం ముడుచుకుని లోపల గాఢత పెరుగుతుంది. చలికి జాగ్రత్త అంటారు, ఎందుకంటే చలికి నాళాలు ముడుచుకుని రక్తం మెల్లగా నడుస్తుంది, కణం ఆక్సిజన్ లేని చోట ఎక్కువసేపు ఉంటుంది. మీ పాడేరు వైపు డిసెంబరు చలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో ఎముకలు పిండేసే నొప్పితో వచ్చే ఎస్‌ఎస్ పిల్లలు మాకు ఎక్కువగా కనిపిస్తారు. జ్వరం వచ్చిన వెంటనే ఆసుపత్రికి రమ్మనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పదేపదే రక్తం ఆగి ప్లీహం దెబ్బతింటుంది కాబట్టి కొన్ని రకాల బ్యాక్టీరియాను ఒళ్లు ఎదుర్కోలేదు. న్యుమోకోకస్ టీకా ఎస్‌ఎస్ పిల్లలకు అందుకే అంత ముఖ్యం.

ఒక హెచ్చరిక. కొడవలి కణం వెళ్లి నాళాన్ని మూసేయడమే మొత్తం కథ అనుకోకండి. ఒకసారి వంగిన కణం త్వచం దెబ్బతిని పొటాషియం బయటికి కారుతుంది, దాని వెంట నీరు పోతుంది, గాఢత ఇంకా పెరుగుతుంది, మళ్లీ వంగడం ఇంకా తేలికవుతుంది. కొన్ని కణాలు ఆక్సిజన్ దొరికినా మామూలు ఆకారానికి రావు. స్మియర్‌లో మాకు కనిపించే కొడవళ్లు ఎక్కువగా ఇవే. త్వచం పైభాగం నాళపు గోడకు అతుక్కునేలా మారుతుంది, తెల్ల కణాలు కూడా తోడవుతాయి. పగిలిన కణాల నుంచి బయటపడిన హిమోగ్లోబిన్, నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను తినేస్తుంది. 120 రోజులు బతకాల్సిన కణం 10 నుంచి 20 రోజుల్లో పోతుంది. రక్తహీనత, కామెర్లలా కళ్లు పచ్చబడటం అక్కడి నుంచే.

ఏఎస్ వాళ్లు ఎందుకు తప్పించుకుంటారు

మీ చెల్లికి ఒక బీటా జన్యువు మామూలుది, ఒకటి మారినది. ప్రతి కణంలోనూ రెండు రకాల గొలుసులూ ఉంటాయి. సగం కణాలు మంచివి, సగం చెడ్డవి అని కొందరు అనుకుంటారు, అలా కాదు. ఏఎస్ వాళ్ల రిపోర్టులో ఎస్ సాధారణంగా 35 నుంచి 40 శాతం, మిగతాది ఎక్కువగా ఏ. సగానికన్నా తక్కువ ఎందుకంటే ఆల్ఫా గొలుసు మామూలు బీటాతోనే బాగా జతకడుతుంది. మన ప్రాంతాల్లో ఆల్ఫా తలసేమియా (ఆల్ఫా గొలుసులు తక్కువగా తయారయ్యే జన్యు లోపం) కూడా కలిసి ఉండటం మామూలే. అప్పుడు ఎస్ 30 కన్నా తగ్గవచ్చు.

ఎస్ గాఢత సగానికన్నా పడిపోయింది కాబట్టి పైన చెప్పిన ఆలస్యం ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. కణం ఊపిరితిత్తులకు తిరిగి వెళ్లడానికి ఎప్పుడూ సమయం ఉంటుంది. ఇదీ మీ రెండో ప్రశ్నకు పూర్తి జవాబు.

పూర్తిగా ఏ ఇబ్బందీ ఉండదా? ఒకే ఒక్క చోట ఏఎస్ కణాలకు కూడా కష్టమైన వాతావరణం ఉంటుంది, అది కిడ్నీ లోపలి భాగం. అక్కడ ఆక్సిజన్ తక్కువ, ఆమ్లత్వం ఎక్కువ, ఉప్పు గాఢత వల్ల కణంలోంచి నీరు బయటికి పోతుంది. అందుకే కొందరు ఏఎస్ వాళ్లకు మూత్రం చిక్కబడదు, ఎప్పుడో ఒకసారి మూత్రంలో రక్తం కనిపిస్తుంది. అలా కనిపిస్తే డాక్టరుకు చూపించి ఏఎస్ అని చెప్పాలి. చాలా ఎత్తైన పర్వతాలు ఎక్కడం, మండుటెండలో నీళ్లు తాగకుండా ఒళ్లు విరిగేలా పరుగు తీయడం, వీటిలో కూడా అరుదుగా ప్రమాదం ఉంది. పోలీసు, సైన్యం సెలక్షన్లకు పరుగు సాధన చేసే ఏఎస్ కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే: మానకండి, నీళ్లు తాగుతూ మెల్లగా పెంచుకుంటూ పోండి.

ఏఎస్ వాళ్లకు ఫాల్సిపారమ్ మలేరియా తీవ్రరూపం దాల్చకుండా కొంత రక్షణ ఉంటుంది. ఈ సంగతి 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చేసిన పని వల్ల తెలిసింది. మలేరియా ఉన్న అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచి ఉండటానికి కారణం అదే. అంతమాత్రాన మలేరియా రాదని కాదు. జ్వరం వస్తే అందరిలాగే పరీక్ష, అందరిలాగే మందు.

పరీక్షల విషయంలో జాగ్రత్త

క్యాంపుల్లో తరచూ చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. రక్తాన్ని ఒక మందులో కలిపితే ద్రవం మబ్బుగా మారి వెనకున్న గీతలు కనిపించవు. దాంతో ఎస్ ఉందని తెలుస్తుంది, కానీ ఏఎస్సా, ఎస్‌ఎస్సా అన్నది తెలియదు. కాబట్టి మీ చెల్లి రిపోర్టు దేని మీద ఇచ్చారో చూడండి. హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరిసిస్ (రెండూ హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే పరీక్షలే) చేసి శాతాలు రాసి ఉంటేనే ఏఎస్ అన్నది ఖాయం.

మీరు బయోకెమిస్ట్రీ విద్యార్థి కాబట్టి ఇది మీకు నచ్చుతుంది. ఈ రెండు పరీక్షలూ పనిచేసేది మనం పైన మాట్లాడుకున్న ఆవేశం తేడా మీదే. గ్లుటామిక్ ఆమ్లం పోతే గొలుసుకో రుణావేశం తగ్గుతుంది, అణువుకు రెండు. 1949లో లైనస్ పౌలింగ్, హార్వే ఇటానో, మరో ఇద్దరు సహచరులు విద్యుత్ క్షేత్రంలో రెండు హిమోగ్లోబిన్లు వేర్వేరుగా కదలడం చూపించి, జబ్బు మూలం ఒక అణువులో ఉందని మొదటిసారి నిరూపించారు. తేడా ఎక్కడుందో వాళ్లకు తెలియదు. అది 1956, 57లలో వెర్నన్ ఇన్‌గ్రామ్ కేంబ్రిడ్జిలో తేల్చాడు. హిమోగ్లోబిన్‌ను ట్రిప్సిన్‌తో సుమారు 30 ముక్కలు చేసి, కాగితం మీద ఒక వైపు విద్యుత్‌తో, ఇంకో వైపు ద్రావణితో పరిచాడు. ఒక్క మచ్చ తప్ప అన్నీ ఒకే చోట పడ్డాయి. ఆ మచ్చలో వెతికితే గ్లుటామిక్ ఆమ్లం చోట వాలీన్ దొరికింది. జన్యువులో ఒక మార్పు ప్రొటీన్‌లో ఒక అమైనో ఆమ్లాన్ని మారుస్తుందని కళ్లకు కట్టినట్టు చూపిన పని అది. ప్రొటీన్ గురించి ఒక్క ప్రయోగమే చదవాలంటే నేను ఇదే చదవమంటాను.

రిపోర్టు చదివేటప్పుడు ఇంకొన్ని విషయాలు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే శాతాలు నమ్మకూడదు, దాత రక్తం కలిసి ఉంటుంది. పుట్టిన పిల్లల్లో ఎక్కువగా ఉండేది పిండ హిమోగ్లోబిన్, అంటే ఎఫ్. కాబట్టి మొదటి నెలల్లో సాల్యుబిలిటీ పరీక్ష నెగెటివ్ వచ్చినా లెక్కలోకి తీసుకోకూడదు. ఎఫ్ తగ్గుతూ వచ్చి ఐదారు నెలలు దాటాక చేతులు, పాదాలు వాచి ఏడుస్తూ వచ్చిన పసివాళ్లను చూశాను. పుట్టినప్పుడు బాగున్నాడని ఆ తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. ఇంట్లో ఎవరికైనా షుగరు ఉండి, హెచ్‌బీఏ1సీ చేయిస్తుంటే ఎస్ ఉన్న సంగతి ల్యాబ్‌కు చెప్పండి. కొన్ని పద్ధతుల్లో అంకె తప్పు వస్తుంది.

అబ్బాయికి ఏ పరీక్ష

ఇప్పుడు ఆ "సరైన" పరీక్ష. ఇద్దరూ ఏఎస్ అయితే ప్రతి గర్భానికీ బిడ్డ ఎస్‌ఎస్ అయ్యే అవకాశం నాలుగో వంతు, ఏఎస్ సగం, మామూలు నాలుగో వంతు. "మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక మిగతావాళ్లకు రాదు" అన్న మాట చాలా ఇళ్లలో వింటాను. అది తప్పు. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటి నుంచే.

ఇంతవరకు అందరూ చెబుతారు. వదిలేసేది ఇది. ఒక జంట గుర్తుంది. ఆమె ఏఎస్. అతనికి సికిల్ పరీక్ష చేయిస్తే నెగెటివ్. పెళ్లయింది. పాపకు ఏడాది దాటాక పాలిపోయి, కడుపులో ప్లీహం చేతికి తగిలేంత పెరిగి మా దగ్గరికి వచ్చారు. పాప రక్తంలో ఎస్ చాలా ఎక్కువ, ఏ దాదాపు లేదు. తండ్రి రక్తం హెచ్‌పీఎల్‌సీ చేస్తే ఏ2 (అందరిలో కొద్దిగా ఉండే మరో రకం హిమోగ్లోబిన్) ఎక్కువగా ఉంది, అంటే బీటా తలసేమియా వాహకుడు. తండ్రి నుంచి పనిచేయని బీటా జన్యువు, తల్లి నుంచి ఎస్. పాప కణాల్లో ఎస్‌ను పలుచన చేయడానికి మామూలు బీటా లేదు. జబ్బు ఎస్‌ఎస్ లాగానే నడుస్తుంది. అతనికి చేసిన సికిల్ పరీక్షలో పొరపాటేమీ లేదు. అది ఎస్‌ను మాత్రమే వెతుకుతుంది.

కాబట్టి అబ్బాయికి సీబీసీ, హెచ్‌పీఎల్‌సీ రెండూ చేయించండి. సికిల్ నెగెటివ్ అన్న ఒక్క ముక్కతో ఆగకండి. పైగా తలసేమియా ఏజెన్సీకే పరిమితం కాదు, మైదాన ప్రాంతాల్లోనూ ఉంది. బయటి సంబంధమైతే భయం లేదు అనుకోవడానికి లేదు. ఒకవేళ ఇద్దరికీ ఏదో ఒకటి ఉందని తేలినా దారి మూసుకుపోదు. గర్భం వచ్చిన 10, 12 వారాల మధ్య బిడ్డ పరీక్ష చేయించుకునే వీలుంది. దాని గురించి పెళ్లికి ముందే జన్యు సలహా ఇచ్చే డాక్టరుతో మాట్లాడుకోవడం మేలు.

మందుల గురించి క్లుప్తంగా

మీ ఇంటికి అవసరం లేదు, కానీ మీ ఊళ్లో ఎస్‌ఎస్ పిల్లలు ఉండే ఉంటారు కాబట్టి చెబుతున్నాను. ఎఫ్ హిమోగ్లోబిన్ ఆ పోగుల్లో చేరదు, అందుకే అది ఎంత ఎక్కువగా ఉంటే అంత మంచిది. మన దేశంలో చాలామంది సికిల్ రోగులకు సహజంగానే ఎఫ్ కాస్త ఎక్కువ. "మన దగ్గర జబ్బు తేలిక" అని కొందరు నిర్లక్ష్యంగా మాట్లాడటానికి ఇదొక కారణం. నేను ఒప్పుకోను. తీవ్రంగా బాధపడేవాళ్లు మన వార్డుల్లోనే ఉన్నారు. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర ఎఫ్‌ను పెంచుతుంది. అమెరికాలో దీనికి 1998లో అనుమతి వచ్చింది, మన దగ్గర ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఇస్తున్నారు. క్రమం తప్పకుండా వేసుకోవాలి, మధ్యమధ్యలో సీబీసీ చేయించాలి, గర్భిణులు వాడకూడదు. నొప్పి లేదు కదా అని మానేసేవాళ్లే మళ్లీ నొప్పితో వస్తారు.

2023 చివరలో బ్రిటన్‌లో, తర్వాత అమెరికాలో అనుమతి పొందిన క్రిస్పర్ (జన్యువును కత్తిరించి మార్చే పద్ధతి) చికిత్స కూడా 6వ స్థానాన్ని సరిచేయదు. రోగి మూలకణాల్లో ఎఫ్‌ను అణిచిపెట్టే బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ ఎర్రకణాల వరసలో తగ్గేలా చేస్తుంది. అంటే మాత్ర చేసే పనే, ఇంకా గట్టిగా. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన పిల్లలకు అందే రోజు వచ్చే వరకు త్వరగా గుర్తించడం, టీకాలు, ఆ మాత్ర, ఇవే ప్రాణం కాపాడేవి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకున్నది ఇందుకే. మీ ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు భయపడి రాని ఇళ్లు ఉంటే, మీరు చదువుకున్నవారు కాబట్టి వెళ్లి మాట్లాడండి. మీ మాట మా మాటకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

మీరూ, మీ అమ్మానాన్నలూ కూడా పరీక్ష చేయించుకోండి. మీ చెల్లికి ఆ జన్యువు ఇద్దరిలో ఎవరో ఒకరి నుంచి వచ్చింది, మీకూ ఉండవచ్చు. చేయించాక హెచ్‌పీఎల్‌సీలో ఏ, ఎఫ్, ఏ2, ఎస్ శాతాలు, సీబీసీలో హిమోగ్లోబిన్, ఎంసీవీ (ఎర్ర కణం సగటు పరిమాణం) అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను. ఫొటో పెడితే మాత్రం పేరు, ఫోన్ నంబరు ఉన్న పైభాగం కత్తిరించి పెట్టండి.